పెట్టెలో దాచిన కాగితం

మా మరదలికి రెండో కాన్పప్పుడు, ఏడో నెలలో, గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలాగి రక్తం తీశారు. షుగరు 140 దాటింది. కాన్పయ్యాక తగ్గిపోతుందన్నారు, తగ్గింది కూడా. ఆరు వారాలకు మళ్ళీ పరీక్షకు రమ్మని కార్డు మీద రాశారు. అప్పటికి పోడు పనులు మొదలయ్యాయి. చంటిపిల్లతో కొండ దిగి, జీపు కోసం కాచుకుని ఎవరు వెళ్తారు? మేమూ వెళ్ళమనలేదు.

రెండేళ్ళకు కడుపునొప్పంటే పట్నంలో స్కానింగు తీయించాం. ఫ్యాటీ లివర్, అంటే కాలేయానికి కొవ్వు పట్టిందని కాగితంలో ఉంది. చాలామందికి ఉంటుందిలే అని గ్యాసు మాత్రలిచ్చి పంపారు. కాన్పులో షుగరు వచ్చిందా అని వాళ్ళడగలేదు, మేము చెప్పలేదు. ఇంట్లో టీచరు ట్రైనింగు చేసింది మేమే. కాగితం చదివి, మడిచి, రేకుపెట్టెలో పెట్టాం.

అది సారా తాగేవాళ్ళకో, లావుగా ఉన్నవాళ్ళకో వచ్చేదనుకున్నాం. మరదలు తాగదు, సన్నగానే ఉంటుంది. కాస్త పొట్ట, అంతే.

కాలేయం మన ఇంటి గాదె లాంటిది. తిన్న తిండిలోని చక్కెరను దాచుకుని, ఆకలివేళ కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. ఇక చాలు అని చెప్పేది ఇన్సులిన్. కొవ్వు పట్టిన కాలేయం ఆ మాట సరిగా వినదు, అక్కర్లేనప్పుడూ వదులుతూనే ఉంటుంది. కాన్పులో షుగరు వచ్చిన తల్లికి ఇన్సులిన్ చాలలేదని ముందే తేలింది కదా. అలాంటి తల్లులకు తర్వాత షుగరు జబ్బు వచ్చే ప్రమాదం మిగతావాళ్ళకన్నా ఏడు నుంచి పది రెట్లు. కాలేయంలో కొవ్వు దాన్ని ఇంకా పెంచుతుంది. నొప్పి ఉండదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అందుకే ఆరు వారాలకు ఒకసారి, ఆ తర్వాత ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి.

చోడి అంబలి తాగితే షుగరు రాదని మేమూ బడిలో చెప్పాం. అంత తేలిక కాదు. పలచగా కాచి చెంబులకు చెంబులు తాగితే అదీ చక్కెరే అవుతుంది. మూడు పూటలా కోటా బియ్యం, తీపి టీ తగ్గించి, సామలు, పప్పు, ఆకుకూరలు పెంచితే మేలు. బిడ్డకు పాలివ్వడం తల్లికీ మంచిదే.

పోయిన చలికాలం మరదలి కాలికి ముల్లు దిగింది. మూడు వారాలైనా పుండు మానలేదు. పరీక్షలో షుగరు 286. ఆ రాత్రి అడిగింది: "నువ్వు చదివావు కదా వదినా, ఆ కాగితంలో ఏముంది?"

ఇప్పుడు బడిలో తల్లుల సమావేశానికి ఆశా అక్కనూ పిలుస్తున్నాం, కాన్పు కార్డులు తెమ్మంటున్నాం. మొన్న ఒకామె కార్డులో 152 అని ఉంది. ఆమె బిడ్డకు నాలుగేళ్ళు. మళ్ళీ పరీక్ష చేయించుకోలేదట. వచ్చే సంతరోజు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం.