కొన్నామా, కిరాయికి తెచ్చుకున్నామా?



కిరాయి ఇంట్లో ఉంటూ "ఇల్లు కొన్నాం" అని మనలో ఎవరూ చెప్పుకోరు. కిరాయా వేరు, మిల్కియత్ వేరు. పదేళ్ల పిల్లలకి కూడా ఈ తేడా తెలుసు. అసలు తెలుగులో ఈ లావాదేవీల మాటలు చాలావరకు ఉర్దూ, ఫార్సీల దారిలో వచ్చినవే: హక్కు, రసీదు, ఖరీదు, కిరాయి, కబ్జా, దస్తావేజు. ఇన్ని మాటలు ఇచ్చినవాళ్లం కదా, కంప్యూటర్లో కొనే కితాబుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏది ఖరీదో ఏది కిరాయో మనకే తెలియకుండా పోతోంది. మా ఇంట్లో పిల్లల ఆట ఒకటి నా చేత ఈ సంగతి ఆలోచింపజేసింది.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. పిల్లలు డీ అండ్ డీ అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేశారు. క్యారమ్‌కి లాగా దీనికి బోర్డు ఉండి తీరాలని లేదు. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు దాస్తాన్‌గో లాగా కథ నడిపిస్తారు. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఆ కథలో ఒక్కో కిర్దార్. "నేను తలుపు తెరుస్తా", "నేను పహరావాడితో మాట్లాడతా" అంటారు. ఆ పని అయిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక వేసి చూస్తారు. పాచిక అనగానే మన బుజుర్గుల మొహాలు మారిపోతాయని తెలుసు. ఇందులో పైసా పందెం లేదు. అయినా ఆ మసలా మీ ఆలిమ్‌సాబ్‌నే అడగండి. ఈ రోజు నా మాట ఆ ఆటకి కావలసిన కితాబుల గురించి.

ఈ ఆటకి అసలు సామాను కితాబులే. కాయిదాలు, మంత్రాలు, వింత జంతువులు అన్నీ వాటిలోనే ఉంటాయి. ముఖ్యమైనవి మూడు. అందులో మొదటిది ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. 2024లో వచ్చిన కొత్త ప్రతి అచ్చు పుస్తకం ధర 49.99 డాలర్లు. మన లెక్కలో నాలుగు వేలు దాటుతుంది. అందుకే మన పిల్లలు కొంచెం తక్కువకి వచ్చే డిజిటల్ ప్రతుల వైపు వెళ్తారు.

మా పెద్దబ్బాయి బీటెక్ చదివే రోజుల్లో ట్యూషన్లు చెప్పిన పైసలతో ఒక సైట్లో ఈ కితాబులు ఒక్కొక్కటే తీసుకున్నాడు. ఇంట్లో ఆట వాడే నడిపించేవాడు. మా చిన్నమ్మాయి పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకుంది. ఆమె నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. ఖాలావాళ్లు వచ్చినా సలాం చెప్పి లోపలికి పోయేది. అలాంటి పిల్ల ఒక ఆదివారం దస్తర్‌ఖాన్ ఎత్తేశాక అన్న లాప్‌టాప్ ముందు కూర్చుని, ఖాలా పిల్లలకీ ఫూఫీ పిల్లలకీ రెండు గంటలు దాస్తాన్ చెప్పింది. నేనూ మా ఆవిడా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నాం. ఆ రోజు నుంచి ఆట ఆమె చేతికే వచ్చింది.

తర్వాత పెద్దబ్బాయి మాస్టర్స్ చదవడానికి అమెరికా వెళ్లాడు. లాప్‌టాప్ వాడితోనే పోయింది. చదువు, పార్ట్‌టైమ్ పని, ఇక ఆటకి ఫుర్సత్ ఎక్కడిది? "ఆ కితాబులన్నీ చెల్లికి తోహ్ఫాగా ఇచ్చేస్తా అబ్బా" అన్నాడు. చెల్లి పేరు మీద ఖాతా తెరిచి, తన కితాబులు అందులోకి మార్చమని ఆ సైటువాళ్లకి రాశాడు. కుదరదని జవాబు వచ్చింది. ఆమెకి కావాలంటే ఆమె మళ్లీ కొనుక్కోవాలట.

"భాయ్ ఖరీదే థే నా?" అంది మా పిల్ల. అన్న కొన్నవే కదా అని.

ఆ సైట్ షరతులు కూర్చుని చదివాను. 'కొను' అని రాసి ఉన్న బటన్ నొక్కితే దొరికేది కితాబు కాదు. చదువుకోవడానికి ఇజాజత్. దాన్ని ఒకరికి ఇవ్వడానికి లేదు, అమ్మడానికి లేదు. వాళ్లు అవసరమనుకుంటే ఆపేయొచ్చు కూడా.

కిరాయా అనేది ఐబ్ ఏమీ కాదు. ఇబ్నె సఫీ జాసూసీ నవలలు మన పెద్దవాళ్లు ఎంతమంది కొని చదివారు? మొహల్లా లైబ్రరీలో అణాకి, రెండణాలకి తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివి ఇచ్చేసినవాళ్లే ఎక్కువ. మన ఊళ్లల్లో తెలుగు డిటెక్టివ్ నవలలు కూడా అద్దె షాపుల్లోంచే ఇల్లిల్లూ తిరిగాయి. షాపతను నోటుబుక్కులో పేరూ తారీఖూ రాసుకునేవాడు. ఆలస్యమైతే ఇంకో రోజు పైసలు తీసుకునేవాడు. సౌదా సాఫ్‌గా ఉండేది. పుస్తకం తనదని ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు.

మన ఫిఖ్‌లో కూడా బై, ఇజారా రెండూ జాయెజే. కాకపోతే రెండూ వేర్వేరు సౌదాలు. బై అంటే మిల్కియత్ చేతులు మారాలి. ఇజారా అంటే వస్తువు యజమానిదే, వాడుకునే ఫాయిదా మాత్రం మనది. దానికి ఇంత కిరాయా, ఇంత ముద్దత్ అని ముందే తెలియాలి. నేను ఫత్వా ఇవ్వడం లేదు, అది నా పని కాదు. కొనేవాడిగా అడుగుతున్నాను. పూర్తి ధర తీసుకుంటారు, మిల్కియత్ ఇవ్వరు. కిరాయా అనుకుందామా అంటే ముద్దత్ ఎప్పటిదాకానో చెప్పరు. ఇది ఏ సౌదా?

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఈ ఆట కితాబులు వేసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2009 ఏప్రిల్‌లో, దొంగ కాపీలు పెరిగాయంటూ తన పీడీఎఫ్‌ల అమ్మకం ఒక్కసారిగా ఆపేసింది. అంతకుముందు పైసలు కట్టినవాళ్లు కూడా అమ్మిన సైట్ల నుంచి వాటిని మళ్లీ దింపుకోలేకపోయారు. అప్పటికే తమ కంప్యూటర్లో దాచుకున్నవాళ్లకి మాత్రం ఏ నుక్సానూ కాలేదు. అదే సంవత్సరం జులైలో అమెజాన్, కొన్నవాళ్ల కిండిల్స్‌లోంచి ఆర్వెల్ నవలలు రెండింటిని మాయం చేసింది. అమ్మినవాడికి ఆ కితాబుల మీద హక్కు లేదని కారణం చెప్పారు. పైసలు వాపస్ ఇచ్చారు, మాఫీ కూడా అడిగారు. కానీ ఇంట్లో ఉన్న కితాబుని దూరాన కూర్చుని తీసేయొచ్చని ఆ రోజు లోకానికి తెలిసింది.

కితాబు ఉన్నచోటే ఉండి లోపలి రాత మారడం ఇంకొకటి. 2024 ఆగస్టులో డీ అండ్ డీ బియాండ్ అనే సైట్, కొత్త కాయిదాలు రాగానే పాత మంత్రాల స్థానంలో కొత్తవి పెడతామని చెప్పింది. ఆడేవాళ్లు గగ్గోలు పెడితే కొన్ని రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ సైట్ 2017లో మొదలైంది. 2022లో విజార్డ్స్‌కి పై కంపెనీ అయిన హాస్‌బ్రో దాన్ని ఖరీదు చేసేసరికి ఆ సైట్ మూడో యజమాని చేతికి వచ్చింది. అయిదేళ్లలో ముగ్గురు మకాన్‌దార్లు! కిరాయి ఇళ్లల్లో బతికినవాళ్లకి దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక కానూన్ అమల్లోకి వచ్చింది. ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అయితే, ఆ సంగతి సాఫ్‌గా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. చిన్న ఇన్సాఫే. కానీ మొదలు అక్కడే కావాలి, మాటతోనే.

మా అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఆయన కితాబులు మేం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం పంచుకున్నాం. ప్రతి కితాబు మొదటి పేజీలో ఆయన పేరు, కొన్న ఊరు, తారీఖు ఉన్నాయి. కొన్ని ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నవి. వాటిలో ఆయన పేరు పైన ఇంకెవరిదో పేరు కూడా ఉంది. మనిషి పోయినా మిల్కియత్ విరాసత్‌లోకి వస్తుంది. ఇజాజత్ రాదు, అది ఆ మనిషితోనే ఆగిపోతుంది. రేపు నా పిల్లలకి నా కితాబుల్లో ఏం మిగులుతుందో లెక్క వేసుకున్నప్పుడు ఆ తేడా నాకు బాగా తెలిసింది.

ఇప్పుడు మా ఇంట్లో ఆట మళ్లీ నడుస్తోంది. 2023 జనవరిలో లైసెన్సుల గురించి పెద్ద ఝగడా జరిగాక, విజార్డ్స్ కంపెనీ ఈ ఆట మూల కాయిదాలని క్రియేటివ్ కామన్స్ కింద పెట్టేసింది. ఎవరైనా ముఫ్త్‌గా దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆ ఒక్క విషయంలో వక్ఫ్ గుర్తొస్తుంది. దాదాపు 400 పేజీలు. జిరాక్స్ షాపులో తీయించి, రెండు భాగాలుగా స్పైరల్ బైండింగ్ చేయించాం. పెద్దబ్బాయి అమెరికాలో పాత పుస్తకాల షాపులో హ్యాండ్‌బుక్ ఒకటి కొని, వచ్చేవాళ్ల చేత పంపించాడు. కథల కోసం మాత్రం తాళం లేని పీడీఎఫ్‌లు అమ్మే సైట్లు చూస్తున్నాం. కొన్ని సైట్లు పేజీ కింద కొన్నవాళ్ల పేరు వేసి ఇస్తాయి. కానూన్ లెక్కన అదీ లైసెన్సే. కానీ ఫైలు మన కబ్జాలో ఉంటుంది, సైట్ మూతపడినా తెరుచుకుంటుంది. పేరు ఉంది కాబట్టి అది మన దగ్గర అమానత్ కూడా. ఊరందరికీ వాట్సాప్‌లో పంచితే రాసినవాడి మెహనత్ తిన్నట్టే.

ఆన్‌లైన్ ప్రతులు వద్దే వద్దని నేను అనను. వెతకడం తేలిక, లెక్కలు అదే వేస్తుంది, అమెరికాలో ఉన్న అన్న కూడా ఆటలో కూర్చోవచ్చు. ఆ సౌకర్యానికి కిరాయా కట్టండి, కిరాయా అని తెలిసి కట్టండి. పదేళ్ల తర్వాత కూడా ఇంట్లో ఉండాలనుకునే కితాబు మాత్రం చేతిలోకి వచ్చేలా కొనండి. మీ పిల్లలు ఏదైనా సైట్లో 'కొను' నొక్కే ముందు ఒక్క మాట అడగమనండి: "దీన్ని నా చెల్లికి ఇవ్వగలనా?" ఇవ్వలేం అని జవాబు వస్తే అది కిరాయా. ధర కూడా కిరాయాలాగే ఉందో లేదో అప్పుడు చూసుకోండి.

ఖుదా హాఫిజ్.