ఐదవనాటి పిండము

రామన్నపేటలో మా చిన్నమ్మగారి కోడలికి ముప్పదియేండ్లు నిండకమునుపే అండాశయములు పనిచేయుట మానినవి. మ్రొక్కులతోను మందులతోను కొన్నియేండ్లు గడచినపిదప, వేరొక స్త్రీ యిచ్చు అండముతో సంతానము పొందవచ్చునని వైద్యులు చెప్పిరి. చదువుకొన్నవారెవరైన వెంట రావలెననగా ఆ భారము మాపై పడినది. రైలెక్కి హైదరాబాదు చేరి ఆసుపత్రిలో కూర్చుంటిమి.

సందేహములేమైన నున్నవా యని డాక్టరమ్మ యడిగినది. చిన్నమ్మ మొదటిమాట యిది: "ఆ గుడ్డిచ్చిన పిల్లది ఏ కులం డాక్టరమ్మా?"

కోడలు తలవంచుకొనినది. మేమును తలయెత్తలేకపోతిమి. ఏలన, ఆ ప్రశ్న మా మనస్సులోను ఒకమూల లేకపోలేదు.

బీజము పురుషునిదనియు, స్త్రీ క్షేత్రమాత్రమనియు మన యిండ్లలో తరతరములుగా చెప్పుచు వచ్చితిమి. ఇంటిపేరు తండ్రిది, గోత్రము తండ్రిది. ఆ లెక్కను అండమిచ్చినదాని కులముతో మనకేమి పని? స్త్రీయందును బీజము కలదని మనమొప్పుకొన్నది, కులమడుగవలసి వచ్చినప్పుడే గదా!

డాక్టరమ్మ విసుగుకొనక పిండముల ఛాయాచిత్రములు చూపినది. మొదటినాడు రెండు కేంద్రకములు. అండమునుండి 23, వీర్యకణమునుండి 23 క్రోమోజోములు. మూడవనాటికి ఎనిమిది కణములు. అంతవరకు పిండము ముఖ్యముగా అండములో కూడియున్న నిలువతోనే బ్రదుకునట. ముఖమెరుగని యొక స్త్రీ కట్టియిచ్చిన సద్దిమూట యనుకొంటిమి. ఐదవనాటికది నీటిబుడగవలె నగును: లోపలి చిన్నగుంపు శిశువగును, పైపొర మావి యగును.

జన్యుపరీక్షకై యా పైపొరనుండి కొన్ని కణములు గిల్లి తీసి క్రోమోజోములు లెక్కింతురు. మన రైతులు వడ్లు తడిగుడ్డలో మూటగట్టి మొలక చూతురు. కాని చూచిన గింజలు వేరు, చల్లు గింజలు వేరు. ఇక్కడ చల్లబోవు గింజ పొట్టునే గిల్లవలెను. పొట్టును బట్టి లోపలిదానిని ఊహింపవలెను. రెండును ఒక్కొకప్పుడు సరిపోలవు. క్రోమోజోముల లెక్క తప్పుట అండమిచ్చినదాని వయస్సుతో పెరుగునుగాని, మోయుదాని వయస్సుతో గాదు. 2019లో గుంటూరున 74 ఏండ్ల వృద్ధురాలు దాత యండముతో కవలలను కనినది. (2021 నాటి చట్టము తల్లికి 50 ఏండ్ల హద్దు విధించినది, మంచిపని.) అదే చట్టముచే దాత 23 మొదలు 35 ఏండ్లలోపుది కావలెను. కనుక వంశములో తలసీమియావంటి వ్యాధి లేనిచో మీకీ పరీక్ష యంత యవసరముగాదని డాక్టరమ్మ చెప్పినది.

"మగపిల్లగాడో ఆడపిల్లో అండ్ల తెల్వదా?" అని చిన్నమ్మ.

తెలియును. చెప్పుట నేరము. 1994 నాటి చట్టమును 2003లో సవరించి గర్భమునకు ముందటి లింగ నిర్ణయమునుగూడ నిషేధించిరి. ఇక కులమందురా, 46 క్రోమోజోములలో నెక్కడ వెదకినను కనబడదని యామె నవ్వినది. చిన్నమ్మ నవ్వలేదు.

నెలదాటినపిదప ఒక పిండమును గర్భమున నుంచిరి. నేటికి తొమ్మిదవ దినము. రక్తపరీక్షకింకను వ్యవధి కలదు. చిన్నమ్మ రెండుమారులు ఫోను చేసి, కోడలు అన్నము సయించక చారునీళ్లే త్రాగుచున్నదని వాపోయినది. కులముమాట మరల నెత్తలేదు. మానినదో, మాయెదుట మాత్రమే మానినదో చెప్పజాలము.