చక్రపు జాడ

2025 జనవరిలో మేము చెల్లెలి భర్తతో కారులో కర్నూలునుండి కడపకు పోవుచుంటిమి. ఆళ్లగడ్డ దాటిన పిదప అతడు లారీని ఎడమవైపునుండి దాటబోయి, పప్పుశనగ మూటతో రోడ్డంచున పోవుచున్న మోటారు సైకిలును గుద్దెను. రైతు కాలు విరిగెను.

108 వాహనమును పిలిచి, రక్తము కారుచోట గుడ్డ కట్టిన పిమ్మటనే ఫోను తీసితిమి. తొలుత నలిగిన తలుపును, రక్తపు మరకలను దగ్గరగా తీసితిమి. వానివలన ఏ బండి ఎచ్చట నుండెనో తెలియదు. అంతట ఇరువది అడుగులు వెనుకకు జరిగి, రెండు బండ్లును కిలోమీటరు రాయియు ఒకే పటమున వచ్చునట్లు నాలుగు దిక్కులనుండి తీసితిమి. అంచున గల తెల్లగీతను దాటిన చక్రపు జాడప్రక్కన అడుగుబద్దను పెట్టితిమి (ఉపాధ్యాయుల సంచిలో అది లేకుండునా?). బండ్లను ప్రక్కకు లాగిన తోడనే నల్లరేగడి దుమ్ము దానిని కప్పివేసెను.

ఆ జాడ మా కారుదే.

ఆ రాత్రి అతడు, "బావా, ఆ యొక్క పటమును తుడిచివేయుము. పరిహారము బీమావారు ఇత్తురు, కేసు మాత్రము నా మెడకు చుట్టుకొనును" అనెను. చెల్లెలు మాటాడలేదు. మాకును రెండు రాత్రులు నిద్రలేదు.

మూడవనాడు రైతు భార్య వచ్చి, "అయ్యవారూ, తప్పు మాదేయని అందరు ననుచున్నారు. మీ ఫోనులో నేమున్నది?" అని యడిగెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 166వ సెక్షను క్రింద పరిహారము కోరువారు ఎదుటివాని అజాగ్రత్తను ఋజువు చేయవలెను. పోలీసులకును ఆమెకును నకళ్లు ఇచ్చితిమి. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము అట్టి పటములకు ధ్రువపత్రమును కావలెను. దానిపై సంతకము చేసితిమి.

మొన్నటి క్రిస్మసు పండుగకు చెల్లెలు ఒంటరిగా వచ్చెను.