మామయ్యగారి గోల్ఫుకఱ్ఱ

మా మేనమామగారికి 68 ఏండ్లు. గోలకొండ కోటచెంత నున్న గోల్ఫు మైదానమునకు నేఁటికిని వారమునకు రెండుమాఱులు పోవుదురు. రెండేండ్లుగా వారి బంతి మునుపటి దూరము పోక, తక్కువ యెత్తున సాగి కుడివైపునకుఁ దొలఁగుచుండెను. "అమ్మాయీ, చేతిలోని సత్తువ పోయినది" అని యొకనాఁడు మా యింటఁ గూరుచుండి పలికిరి. మౌసలపర్వమున గాండీవము నెక్కుపెట్టఁ గష్టపడిన యర్జునుఁడు నాకు జ్ఞప్తికి వచ్చెను.

సోదరీమణులారా, గోల్ఫుకఱ్ఱ కాడ విసరునప్పుడు విల్లువలెఁ గొంచెము వంగును. ఆ వంపు విసరువారి వేగమునకుఁ దగియుండవలెను. డ్రైవర్ అను పెద్దకఱ్ఱను గంటకు 95 మైళ్ళకు మించి విసరువారికి ఎస్ అను బిఱుసుకాడయు, 85 మొదలు 95 వఱకు ఆర్ అనునదియు, 75 మొదలు 85 వఱకు ఏ అను మెత్తని సీనియర్ కాడయు, అంతకు దిగువ ఎల్ అనునదియు సుమారుగాఁ జెప్పుదురు. ఒక కంపెనీ ఆర్ వేఱొకదాని ఎస్ వలె నుండవచ్చును గనుక, కొట్టి చూచియే కొనవలెను.

దుకాణములోని యంత్రము మామయ్యగారి వేగము 79 మైళ్ళని చూపినది. వారి చేత నున్నదో, నలువదవయేటఁ గొన్న ఎస్! ఏ కాడ నీయఁగా, "అది ముసలివారిది" అని త్రోసివేసిరఁట. ఎల్ అనఁగా లేడీస్ అని విని నాకును గోపము వచ్చినది. వేగముగా విసరు స్త్రీకి ఆర్ గావలయును. మెల్లఁగా విసరు పురుషునకు ఎల్ చాలును. కాడకు ఆఁడుమగ భేద మేల?

అత్తయ్యగారు వాదింపలేదు. ఏ కాడనే తెప్పించి, అక్షరముపై నల్లని పట్టీ చుట్టి, "ఇప్పుడు కొట్టి చూడుఁడు" అనిరి. మఱునాఁడు బంతి యెత్తుగా లేచి మైదానము నడిమికే పోయినదఁట. ఆ పట్టీని మామయ్యగా రింకను విప్పలేదు.