దానమిచ్చిన ఊరు

బస్తర్ అనగానే మన పత్రికల్లో ఎదురుకాల్పులు, లొంగుబాట్లు, మృతుల సంఖ్య. దంతెవాడ జిల్లా బార్సూరులో ఆలయాల మధ్య తిరుగుతుంటే మాత్రం, మన చరిత్రలోనే చదవకుండా వదిలేసిన పుట ఒకటి ఎదురైనట్టనిపించింది.

ఛిందక నాగవంశీయుల నాటి ఊరిది. ఇసుకరాతిలో తొలిచిన రెండు భారీ వినాయక విగ్రహాలు, మామా-భాంజా ఆలయం, 32 స్తంభాల మండపంతో జంట గర్భగుళ్లున్న బత్తీసా శివాలయం ఇక్కడివే. సోమేశ్వరుని రాణి గంగామహాదేవి శక సంవత్సరం 1130లో, అంటే క్రీ.శ. 1208లో, వేయించిన శాసనమూ ఇక్కడిదే. దాని భాష తెలుగు. రెండు శివాలయాలు కట్టించి, ఒకదానికి భర్త పేరు, మరొకదానికి తన పేరు పెట్టి, వాటి పోషణకు కేరమరుక అనే గ్రామాన్ని దానమిచ్చిన వైనం అందులో ఉంది.

రాణి పేరు నిలిచింది, ఊరి పేరూ నిలిచింది. రాయి తొలిచినవారు, మోసినవారు, దానంగా చేతులు మారిన ఊళ్లోని మనుషులు చరిత్రకెక్కలేదు. రాచరికంలో అది వింత కాదు.

బార్సూరుకు చేరువలోనే సాత్‌ధార్. ఇంద్రావతి అక్కడ బండల మధ్య పాయలుగా చీలి పారుతుంది. ఆవల అబూజ్‌మాడ్ కొండలు. దిగువన 1983 నుంచి పులుల అభయారణ్యంగా ఉన్న అడవి. ఈ నది మీదే, బార్సూరు సమీపంలో, బోధ్‌ఘాట్ ఆనకట్టకు 1979లో శంకుస్థాపన జరిగింది. అటవీ అభ్యంతరాలతో ఆగిన ప్రాజెక్టును 2020లో కాంగ్రెస్ ప్రభుత్వం, 2025లో బీజేపీ ప్రభుత్వం మళ్లీ ముందుకు తెచ్చాయి. దక్షిణ బస్తర్ పొలాలకు సాగునీరు కావాలన్న వాదన కొట్టిపారేయదగినది కాదు. మునిగే ఊళ్ల మాట ఎవరు వింటారన్నదే ప్రశ్న.

షెడ్యూల్డు ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను ‘లేదా’ తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం అంటోంది. సమ్మతి తీసుకోవాలని కాదు, సంప్రదించాలని మాత్రమే. ఆ ‘లేదా’ అనే చిన్న మాటలో ఊరికి ఊరే మునిగిపోగలదు.

మనకిది కొత్త కాదు. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా ముంపు మండలాలు ఆర్డినెన్సుతో రాష్ట్రం మారాయి. రెండు రాజధానులూ తమ వాటా లెక్కలు చెప్పుకున్నాయి; కోయ, కొండరెడ్డి గూడేల అభిప్రాయం ఆ లెక్కల్లో అంకె కాలేదు.

ఎనిమిది శతాబ్దాల కిందటి రాణి ఊరిని దానమిస్తూ ఊరివాళ్లను అడగలేదని ఆమెను తప్పుపట్టలేం. ఆమె ఓట్లడగలేదు, రాజ్యాంగం మీద ప్రమాణమూ చేయలేదు. ఆ రెండూ చేసినవారికి ఆ వెసులుబాటు లేదు.