రెండు పొగల మధ్య పల్సానా

ఒకవైపు మిల్లుల చిమ్నీలు, మరోవైపు బోర్లించిన మట్టి కుండలు. దక్షిణ గుజరాత్ చలికాలపు రుచికి హైవేయే ఇప్పుడు అసలైన వంటిల్లు

పల్సానాకు పొగ కొత్త కాదు. సూరత్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తాలూకా కేంద్రం రెండు పెద్ద రోడ్ల కూడలి. ముంబై నుంచి అహ్మదాబాద్ వైపు వెళ్లే 48వ నంబరు జాతీయ రహదారిని (పాత డ్రైవర్ల లెక్కలో ఇప్పటికీ ఎనిమిదో నంబరే) హజీరా రేవు నుంచి బార్డోలీ మీదుగా తూర్పుకు సాగే 53వ నంబరు రహదారి ఇక్కడే దాటుతుంది. రోడ్డుకు అటూ ఇటూ అద్దకం, ప్రింటింగ్ మిల్లులు. సూరత్ మగ్గాల మీద నేసిన ముడి గుడ్డ ఇలాంటి మిల్లుల్లోనే రంగులద్దుకుని దేశమంతా తిరిగే చీరగా మారుతుంది. రంగు నిలవాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు బొగ్గు కావాలి. ఆకాశంలో కనిపించే బూడిదరంగు గీతలు అవే.

అయితే డిసెంబరు వచ్చేసరికి ఈ దారిలో మరో పొగ లేస్తుంది. పల్సానా దాటి నవ్‌సారీ, వల్సాడ్‌ల వైపు దక్షిణానికి వెళ్లేకొద్దీ రోడ్డు పక్కన తాత్కాలిక పందిళ్లు, వాటి ముందు మంటలు, మంటల్లో తలకిందులుగా నల్లటి కుండలు కనిపిస్తాయి. పిడకల వాసనలో వాము ఘాటు కలిసి కారు అద్దాలు దించగానే ముక్కుకు తగులుతుంది. ఆ కుండల్లో ఉడుకుతున్నది ఉంబాడియు. దక్షిణ గుజరాత్ పొలాల్లో పుట్టి, హైవే మీద స్థిరపడిన వంటకం.

దీని తయారీలో నూనె చుక్క ఉండదు, నీటి చుక్క కూడా ఉండదు. పాప్డీ అనే లేత చిక్కుడుకాయలు, ఊదారంగు పెండలం, చిలగడదుంప, బంగాళదుంప ప్రధాన సరుకు. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి కాడలు, కొత్తిమీర నూరిన ముద్దను గాట్లు పెట్టిన దుంపల్లో కూరుతారు. చిక్కుళ్లకు ఉప్పు, వాము పట్టిస్తారు. కుండ అడుగున, అంచుల వెంట కలార్ అనే మొక్క ఆకులు పరుస్తారు. మన పల్లెల్లో కుక్కపొగాకు అని పీకి పారేసే కలుపు మొక్క అదే. కాయగూరలు నింపాక మూతికి కూడా అవే ఆకులు దట్టంగా కుక్కుతారు. ఆ తర్వాత కుండను నేల మీద బోర్లించి, చుట్టూ పిడకలు, పుల్లలు, ఎండుటాకులు పేర్చి నిప్పంటిస్తారు. దాదాపు ముప్పావుగంట తర్వాత బూడిద తోసి కుండను తిరగేస్తే వంట సిద్ధం. పచ్చి చట్నీ, మజ్జిగ తోడుంటే చాలు.

కుండను బోర్లించడంలో తెలివి ఉంది. మూతి కింద ఉంటుంది కాబట్టి ఆవిరి పైకెళ్లి కుండ పొట్టలోనే చిక్కుకుపోతుంది. కాయగూరల్లోని తేమే వాటిని ఉడికిస్తుంది. ఆకుల బిరడా పొగను కొంచెం లోపలికి రానిస్తూ, తన ఘాటును కూడా ముక్కలకు అంటిస్తుంది. చిలగడదుంపను నెమ్మదిగా వేడి చేస్తే దానిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. కుండలో కాలిన దుంప ప్రెషర్ కుక్కర్ దుంపకన్నా తియ్యగా ఉండటానికి కారణమదే. ఊంధు అంటే గుజరాతీలో తలకిందులు. సూరత్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఉంధియుకు ఆ పేరు ఈ పద్ధతి నుంచే వచ్చింది. తర్వాత ఉంధియు నగరపు వంటింట్లోకి చేరి నూనె గిన్నెకు అలవాటు పడింది. ఉంబాడియు మాత్రం కుండను, మంటను, ఆరుబయలును వదల్లేదు.

మంట దగ్గర తీరిగ్గా కూర్చుని వండుకోవడం ప్రపంచమంతటా ఉన్న సరదాయే. అమెరికాలోని టెక్సాస్‌లో పెరటి గ్రిల్ మీద బ్రిస్కెట్, అంటే పశువు రొమ్ము మాంసాన్ని, 110 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా పది, పన్నెండు గంటలపాటు ఓక్ కట్టెల పొగలో మగ్గబెడతారు. ఆ ముక్కలో పీచులాంటి కొలాజెన్ ఎక్కువ. నిదానంగా కాగితేనే అది కరిగి మెత్తబడుతుంది. గోవధకు 2017 చట్ట సవరణ తర్వాత యావజ్జీవ శిక్ష దాకా పడే గుజరాత్‌లో ఆ మాంసం ప్రసక్తే లేదు. కానీ పొగ, ఓపిక అనే రెండు దినుసులు ఇక్కడా అవే. మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో ఇదే ఆకులతో, ఇదే కుండతో పోప్టీ చేస్తారు. అందులో కోడిమాంసం, గుడ్లు కూడా పడతాయి. అరకు, మారేడుమిల్లి వెళ్లిన తెలుగు పర్యాటకులకు బొంగులో చికెన్ తెలుసు. అక్కడ కుండ బదులు పచ్చి వెదురు గొట్టం, బిరడాగా ఆకులు. నూనె, నీరు అక్కడా ఉండవు.

సూరత్‌లో తెలుగువారికి మరింత దగ్గరి చుట్టం పోంక్. పాలుపోసుకున్న లేత జొన్న కంకులను వేడి బూడిదలో కాల్చి, గుడ్డలో చుట్టి కర్రలతో కొట్టి, చెరిగితే పచ్చటి గింజలు రాలతాయి. సూరతీలు వాటి మీద నిమ్మకాయ, మిరియాల కారప్పూస చల్లుకుని తింటారు, వడలూ వేసుకుంటారు. మరాఠీలో అది హుర్డా. తెలుగులో ఊచబియ్యం. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గాల పని కోసం వచ్చి లింబాయత్, ఉధనా పేటల్లో స్థిరపడిన నేత కుటుంబాలు సూరత్‌లో వేలల్లో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపిందంటే వారి సంఖ్య అర్థమవుతుంది. ఊళ్లో చేను గట్టున ఉచితంగా తిన్న ఊచబియ్యం ఇక్కడ తూకం వేసి అమ్ముతుంటే ఆ తరం పెద్దవాళ్లు ఆశ్చర్యపోవడంలో వింతేమీ లేదు.

తూకం దాకా రావడానికి కారణం పల్సానా చుట్టుపక్కల నేల మీదే రాసి ఉంది. ఒకప్పుడు ఈ నల్లరేగడి జొన్నది, పత్తిది. కాక్రాపార్ ఆనకట్ట, 1972లో పూర్తయిన ఉకాయ్ డ్యామ్ కాలువల్లో నీళ్లు పారించాక చెరకు రాజ్యమేలింది. పల్సానా తాలూకాలోని చల్థాణ్‌లో, పక్కనే బార్డోలీలో సహకార చక్కెర కర్మాగారాలు వెలిశాయి. ఆ తర్వాత మిల్లులు, గోదాములు, లేఅవుట్లు వరస కట్టాయి. జొన్న వెనక్కి తగ్గింది. చిక్కుడు పాదులకూ చోటు తగ్గింది. కలార్ మొక్కను ఎవరూ నాటరు, ఎవరూ అమ్మరు. గట్టు, బీడు ఉన్నంత కాలమే అది మొలుస్తుంది. గట్టు కాంక్రీటయితే కుండ మూతికి కుక్కడానికి ఏమీ మిగలదు. కలుపు మొక్క లేకపోతే మాయమయ్యే వంటకాలు బహుశా అరుదు.

విచిత్రమేమిటంటే పొలాలను మింగిన రోడ్డే ఈ వంటకాన్ని పోషిస్తోంది. చిక్కుళ్లు కోతకు వచ్చినప్పుడు బంధువులంతా చేలో చేరి వండుకునే విందుకు ఒకనాడు ధర లేదు. హైవే వెడల్పయ్యాక ముంబై, సూరత్ కార్లు ఆగడం మొదలైంది. వాటితోపాటు మూడు, నాలుగు నెలల సీజన్ వ్యాపారం పుట్టింది. పంట తక్కువున్నా గిరాకీ ఉంది కాబట్టి చిక్కుడు వేసే రైతుకు ఆశ ఉంది. గిరాకీ ఉన్నంత మాత్రాన గట్లు మిగులుతాయన్న హామీ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

పొగ సంగతికొస్తే, ఈ ప్రాంతం ఒక కొత్త ప్రయోగానికి వేదికైంది. చిమ్నీల నుంచి వెలువడే ధూళి రేణువులకు పరిమితి విధించి, తక్కువ వదిలిన మిల్లు తన మిగులు వాటాను ఎక్కువ వదిలిన మిల్లుకు అమ్ముకునే మార్కెట్‌ను గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో సూరత్ ప్రాంతంలో ప్రారంభించింది. ధూళి రేణువుల విషయంలో ప్రపంచంలో ఇలాంటిది ఇదే మొదటిది. పాల్గొన్న మిల్లుల ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గినట్టు పరిశోధకులు తేల్చారు. అంటే ఇక్కడ ఒక పొగను తగ్గించడానికి మార్కెట్ పెట్టారు, మరో పొగ మార్కెట్ వల్లే నిలబడింది.

చూడాలనుకునేవారికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. సంక్రాంతి రోజుల్లో, అంటే గుజరాతీల ఉత్తరాయణ్ గాలిపటాల పండగప్పుడు, కుండల ముందు రద్దీ ఎక్కువ. సూరత్‌లో దిగి రోడ్డు మార్గాన పల్సానా కూడలికి, అక్కడి నుంచి నవ్‌సారీ వైపు సాగితే సరిపోతుంది. సాయంత్రం పూట వెళ్తే మంటలు బాగా కనిపిస్తాయి. తొందరపెడితే ప్రయోజనం లేదు. కుండ తన సమయం తాను తీసుకుంటుంది. మార్చి ఎండ ముదిరి చిక్కుడు ముదిరేసరికి పందిళ్లు మూటగట్టుకుంటాయి. అప్పటి నుంచి మళ్లీ చలి మొదలయ్యేదాకా రోడ్డు పక్కన మిగిలేది నల్లటి బూడిద మచ్చలు, తలెత్తి చూస్తే చిమ్నీలు.