అరువు తెచ్చుకున్న ధైర్యం

తెల్లవారితే ఆపరేషన్. కుడికాలు మోకాలికి పైదాకా తీసేస్తారు. మంచం మీదున్న కుర్రాడికి పద్దెనిమిదేళ్లు. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. ఎముకకు క్యాన్సర్ వచ్చిందని తెలిసి ఇంకా ఎన్నో రోజులు కాలేదు.

అది 1977 మార్చి. కెనడాకు చెందిన ఆ కుర్రాడి పేరు టెరీ ఫాక్స్. ఆ రాత్రి అతడిని చూడటానికి వచ్చిన కోచ్ ఓదార్పు మాటలతో సరిపెట్టలేదు. ఓ పత్రిక తెచ్చి చేతిలో పెట్టాడు. కృత్రిమ కాలితో న్యూయార్క్ మారథాన్ పూర్తిచేసిన డిక్ ట్రౌమ్ అనే వ్యక్తి గురించి అందులో వ్యాసం ఉంది. రేపు కాలు పోతుందని తెలిసిన రాత్రి ఆ కుర్రాడు పరుగు గురించి ఆలోచించాడు. ముఖం కూడా చూడని మనిషి దగ్గర ధైర్యం అరువు తెచ్చుకున్నాడు.

తర్వాత పదహారు నెలలు కీమోథెరపీ. జుట్టు ఊడింది. ఒళ్లు నీరసించింది. అంతకన్నా ఎక్కువగా అతడిని కుదిపేసింది పక్క మంచాలమీది మనుషులు. వాళ్లలో తనకన్నా చిన్నవాళ్లున్నారు. ఇంటికి తిరిగి వెళ్లనివాళ్లూ ఉన్నారు. ఈ జబ్బు రెండేళ్ల ముందు వచ్చుంటే నూటికి పదిహేను పాళ్లే ఆశ ఉండేదనీ, ఇప్పుడది యాభైకి పెరిగిందనీ డాక్టర్లు చెప్పారు. పరిశోధన ముందుకు సాగబట్టే తనకా అవకాశం దక్కింది. మరి తన తర్వాత వచ్చేవాళ్లకో? ఆ ప్రశ్నే అతడిని ఇంట్లో కూర్చోనివ్వలేదు.

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ నగరం దగ్గర అట్లాంటిక్ సముద్రంలో కృత్రిమ కాలు తడిపి టెరీ పరుగు మొదలుపెట్టాడు. రెండు సీసాల్లో సముద్రపు నీళ్లు నింపుకున్నాడు. ఒకటి గుర్తుగా దాచుకోవడానికి, రెండోది దేశం అవతలి అంచున పసిఫిక్ సముద్రంలో పోయడానికి. మంచి కాలితో రెండు గెంతులు, కృత్రిమ కాలితో ఒక అడుగు. అలా రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు. కాలు ఒరుసుకుపోయి నెత్తురు కారేది. వెనకాలే వ్యాన్‌లో స్నేహితుడు. మొదట్లో చాలాచోట్ల పట్టించుకున్నవాళ్లే లేరు. పోనుపోనూ ఊళ్లకు ఊళ్లే రోడ్డు మీదికొచ్చాయి.

అందరూ అతడిని చూసి స్ఫూర్తి పొందుతుంటే, అతడికి స్ఫూర్తినిచ్చింది ఎవరు? ఆగస్టులో ఓంటారియోలో ఓ పదేళ్ల పిల్లాడు అతడిని కలిశాడు. వాడికీ అదే జబ్బు. వాడికీ ఓ కాలు లేదు. ఇద్దరూ కలిసి చెరువులో ఈత కొట్టారు. టెరీ పరిగెడుతుంటే వాడు వెనకాలే సైకిల్ తొక్కుతూ కొన్ని కిలోమీటర్లు వచ్చాడు. మొత్తం ప్రయాణంలో తనను అన్నిటికన్నా కదిలించిన ఘడియ అదేనని టెరీ డైరీలో రాసుకున్నాడు. ఒకప్పుడు పత్రికలోని మనిషి తనకు ఇచ్చిన ధైర్యాన్నే ఇప్పుడు తాను ఆ పిల్లాడికి ఇస్తున్నాడు. చిత్రమేమిటంటే, అంతకు అంతా వాడి దగ్గర్నుంచి తిరిగి పుచ్చుకుంటున్నాడు.

సెప్టెంబర్ 1న థండర్ బే దగ్గర దగ్గు, ఛాతీలో నొప్పి. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 143 రోజులు, 5,373 కిలోమీటర్ల తర్వాత పరుగు ఆగింది. రెండో సీసా నీళ్లను పసిఫిక్‌లో పోసే రోజు రాలేదు. 1981 జూన్ 28న టెరీ కన్నుమూశాడు. ఇరవైమూడో పుట్టినరోజుకు సరిగ్గా నెలరోజుల ముందు.

అయితే ఓడిపోయినట్టేనా? దేశంలో మనిషికో డాలర్ చొప్పున రావాలని అతడు కోరుకున్నాడు. అతడు బతికుండగానే విరాళాలు రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు దాటాయి. అంటే అప్పటి కెనడా జనాభా ఎంతో అంత. 1981 సెప్టెంబర్‌లో మొదలైన టెరీ ఫాక్స్ పరుగు ఇప్పటికీ ఏటా ఎన్నో దేశాల్లో సాగుతోంది. ఆ డబ్బు క్యాన్సర్ పరిశోధనకు వెళ్తోంది.

మన ఇళ్లలోనూ, చుట్టాల్లోనూ పెద్ద జబ్బుతో పోరాడుతున్నవాళ్లు ఉంటారు. పలకరించడానికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలో తోచదు. పళ్లు పక్కనపెట్టి, తల దించుకుని కూర్చుంటాం. వాళ్లకు ధైర్యం చెప్పాల్సింది మనమే అనుకుంటాం కాబట్టే ఆ ఇబ్బంది. ఈసారి కాసేపు వాళ్లనే మాట్లాడనిద్దాం. ఇవ్వడానికి వెళ్లిన మనం తెచ్చుకునేదే ఎక్కువ కావచ్చు.